మూడో గడి

మూడు గళ్లు.
మంజూరైనవి. ఉన్నవారు. ఖాళీ.
మొదటిదాంట్లోంచి రెండోది తీసేస్తే మూడోది,
రెండో తరగతి లెక్క.
పదకొండేళ్లుగా నెలనెలా చేస్తున్నాను
గుంటూరు ఆరోగ్య కార్యాలయం మేడమీద,
ఫ్యాను గాలికి కాగితాలు లేవకుండా
గడువు తీరిన దగ్గుమందు సీసా బరువు పెట్టి.

ఐదో తారీఖుకల్లా పట్టిక
మెట్ల పక్కన అద్దాల బోర్డులో ఉండాలని ఉత్తర్వు.
జనం చూడాలి కదా.
జనం ఆ అద్దంలో తల దువ్వుకుంటారు.
తప్పుపట్టను.
సర్టిఫికెట్టు ఫోటోకి వెళ్లే కుర్రాడికి
మా ఖాళీలకన్నా వాడి పాపిడి ముఖ్యం.

మిర్చి యార్డు దగ్గరి కేంద్రం వరుసకొచ్చేసరికి
నా వేలు ఆగుతుంది.
ల్యాబ్ టెక్నీషియన్:
మంజూరు రెండు, ఉన్నవారు ఇద్దరు, ఖాళీ సున్నా.
ఎంత ఆరోగ్యంగా ఉందో ఆ సున్నా,
గుండ్రంగా, భోంచేసి కూర్చున్నట్టు.

ఇద్దరిలో ఒకాయన డిప్యుటేషన్ మీద
బెజవాడలో ఎవరి గది బయటో ఫైళ్లు మోస్తున్నాడు.
జీతం ఇక్కడ, మనిషి అక్కడ.
కుర్చీకి వేసిన తువ్వాలు మాత్రం విధుల్లో ఉంది.
రెండోవారు ఖాసింబీ.

ప్రతినెలా మూడో తారీఖున ఫోను చేసేది.
"ఏమయ్యా, నన్ను ఒకటని వేశావా, రెండని వేశావా?
ఇద్దరి పని చేస్తున్నా మరి."
నవ్వేది. నవ్వులోనే దగ్గేది.
ఒక కన్ను మూసి స్లైడు చూసి
ఆకుపచ్చ సిరాతో ఫలితం రాసేది,
ఎర్ర సిరా చూస్తే రోగి భయపడతాడని.

జనవరిలో పోయింది.
ఆమె సర్వీసు పుస్తకం ఇంకా పోలేదు,
ఒక సంతకం తక్కువై
ట్రెజరీకీ మాకూ మధ్య తిరుగుతోంది.
అందాకా ఆమె ఉన్నవారే.

నిన్న దీవెనమ్మ వచ్చింది.
యార్డులో తొడిమలు తీసే మనిషి.
మెట్లెక్కడానికి మూడుసార్లు ఆగిందట.
నేను మాట్లాడబోయి తుమ్మాను,
ఆమె చీరలో యార్డంతా ఉంది.
చేతిలో మూత బిగించిన తెమడ డబ్బీ.
"ఆడ తాళమయ్యా. రేపు రమ్మన్నారు.
రేపు పోతే మళ్లీ రేపు రమ్మన్నారు."

నేను పట్టిక చూశాను, అలవాటు కొద్దీ.
"అక్కడ ఖాళీ లేదమ్మా, ఇద్దరున్నారు."

"ఉన్నారా! పేర్లు చెప్పయ్యా,
ఇంటికి పోయైనా పిలుచుకొస్తా."

పట్టికలో పేర్లుండవు.
ఖాసింబీ పేరు నాలుక దాకా వచ్చి
కారంలా అక్కడే ఉండిపోయింది.
ఆమె కాసేపు చూసి
డబ్బీ నా కాగితాల మీద పెట్టి
"నువ్వే ఇప్పించు" అని దిగిపోయింది.
ఫ్యాను తిరుగుతూనే ఉంది.
ఆ పట్టిక మాత్రం కదల్లేదు.

సాయంత్రం డబ్బీ సంచిలో వేసుకుని
పెద్దాసుపత్రి వరుసలో నిలబడ్డాను.
నా ముందు ఎంతమందో లెక్కపెట్టలేదు,
లెక్కపెట్టడం నా ఉద్యోగమైనా సరే.

ఈ ఉదయం నాలుగో గడి గీశాను,
వేలెడు వెడల్పు లేదు.
అందులో పట్టేటట్టు రాశాను:
ఒకరు బెజవాడలో. ఒకరు లేరు.

సూపరింటెండెంటు పరాంకుశం గారు
కళ్లజోడు నుదుటికెత్తి అడిగారు,
"లేరు అంటే? సెలవా?"
"కాదండీ. లేరు."

కలం మూత తీశారు.
సంతకానికో, కొట్టివేతకో
నాకింకా తెలియదు.
కింద బోర్డు ముందు ఎవరో
దువ్వెన జేబులో పెట్టుకుంటున్న చప్పుడు.